గుమ్‌నే గారి తొమ్మిది పుట్టినరోజులు

తాక్ యొంగ్‌బే బాబాయి గారు ముప్పై నాలుగేళ్ళు హేనమ్ నుంచి క్వాంగ్‌జుకు బస్సు నడిపారు. ఉదయం ఆరూ నలభైకి కదలాల్సిన బండి ఆరూ నలభై ఒకటికి కదిలిన రోజు లేదు. ఒకసారి సొంత బావమరిది రొప్పుకుంటూ పరుగెత్తుకొస్తుంటే, అద్దంలో చూస్తూ కూడా టైమైందని బండి తీసేశారు. ఆ బావమరిది ఇప్పటికీ వాళ్ళింటికి వస్తే ఆ సంగతి ఎత్తకుండా భోజనానికి కూర్చోడు.

రిటైరయ్యాక నడపడానికి బస్సు లేదు కాబట్టి ఇంటిని నడపడం మొదలుపెట్టారు. ఏడూ పదికి ఉదయం భోజనం. ఏడున్నరకి మందు బిళ్ళ. ఎనిమిదింపావుకు మిరప మొక్కలకు నీళ్ళు. ఇదంతా ఫోను క్యాలెండరులో ఒకసారి, ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు క్యాలెండరులో ఇంకోసారి. రెండెందుకంటే, బస్సులో ముందు అద్దం పైన ఒక గడియారం, చేతికి ఒక గడియారం ఉండేవట. ఒకటి అబద్ధమాడితే రెండోది పట్టిస్తుందట. రెండూ చెరో మాట చెబితే ఎవరిని నమ్మాలో మాత్రం ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. అది ఆలోచించని వాళ్ళ పుణ్యానే నా షాపు నడుస్తోంది.

నా పేరు ఒక్ మీరన్. సంత వీధిలో ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేస్తాను. పందొమ్మిదేళ్ళ అనుభవం, దానికి తగ్గ నోటి దురుసు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అదేదో అత్తాకోడళ్ళ గొడవ అయినట్టు "ఫోనూ కంప్యూటరూ మాట్లాడుకోవట్లేదమ్మా" అంటారు. నేను మధ్యవర్తిని.

బాబాయి గారికి అసలు కష్టం నిరుడు వచ్చింది. రిటైరైన డ్రైవర్ల సంఘం వాళ్ళు విహారయాత్రకు వెళితే ఈయనా వెళ్ళారు. అక్కడి లాటరీలో బహుమతిగా పెద్ద ఎండు సముద్రపు నాచు పొట్లం వచ్చింది. ఇంటికొచ్చి ఆ పొట్లం భార్య చేతిలో పెట్టి, "వీలున్నప్పుడు చారు పెట్టు" అన్నారు. ఆ రోజు ఆవిడ పుట్టినరోజు. మా దగ్గర పుట్టినరోజు పొద్దున్నే ఎవరో ఒకరు నాచు చారు కాచి పెట్టాలి. పెట్టాల్సినవాడు సాయంత్రం వచ్చి సరుకు ఇచ్చి, నువ్వే కాచుకో అన్నాడన్నమాట.

గుమ్‌నే పిన్నిగారు అరవలేదు. పొట్లం అటక మీద పెట్టి, మెల్లగా ఇలా అన్నారట. "నలభై అయిదేళ్ళు మీ బస్సులో కూర్చున్నాను. వచ్చే ఏడు నా పుట్టినరోజు పొద్దున బల్ల మీద చారు లేకపోతే దిగిపోతాను. మోక్పోలో మా చెల్లెలింట్లో గది ఖాళీగా ఉంది. ఏ రోజో నేను చెప్పను. పిల్లలు చెబితే వాళ్ళతోనూ మాట్లాడను."

మాటవరసకు అన్నారేమో అనుకోవడానికి లేదు. మర్నాడే తన చలికాలపు బొంతను పార్సిల్లో మోక్పోకు పంపేశారు.

ఈ ఏడు మే నెలలో ఒక ఉదయం బాబాయి గారి కారు నా షాపు ముందు ఆగింది. డ్రైవరు పక్క సీట్లో కంప్యూటరు, దానికి సీటు బెల్టు. దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. పక్కన ఫోను పెట్టారు. కింద ఒక బకెట్టు పెట్టారు.

"ఇదేంటి బాబాయి గారూ?"

"నాచు. పొట్లం మొత్తం నానబెట్టాను. ఎంత ఉబ్బుతుందో నాకేం తెలుసు? ముందు గిన్నె నిండింది, తర్వాత బేసిను నిండింది, తర్వాత స్నానాల తొట్టిలో వేశాను. సందులో అందరికీ పంచగా మిగిలింది ఇది. నువ్వూ తిను."

"పిన్నిగారి పుట్టినరోజా ఇవాళ?"

"అదే నిన్ను అడుగుదామని వచ్చాను."

సంగతేమిటంటే, పొద్దున అయిదున్నరకి కంప్యూటరు మోగింది, 'భార్య పుట్టినరోజు' అని. ఫోను మాత్రం నోరు మెదపలేదు. ఎందుకైనా మంచిదని చారు కాచేశారు. ఆవిడ తిన్నారు. గిన్నె కడిగి బోర్లించారు. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

"మొహం చూస్తే తెలీలేదా?"

"ముప్పై నాలుగేళ్ళు రోడ్డు చూశానమ్మాయ్, మొహాలు చూడ్డం నాకేం వచ్చు? నువ్వు ఈ రెండింటినీ ఒక్క మాట మీదికి తే. ఆవిడ వెళ్ళిపోతే ఏడూ పదికి నేనెవరితో తినాలి?"

నాకు జాలేసింది. జాలేసినప్పుడు నాకు కోపం కూడా వస్తుంది, అదో రోగం. కోపంగానే రెండింటినీ తెరిచి చూశాను.

పిన్నిగారికి తొమ్మిది పుట్టినరోజులు ఉన్నాయి.

మే తొమ్మిదిన ఒకటి. జూన్ పన్నెండు, పదిహేను, పందొమ్మిది, ఇరవై రెండు, ఇరవై ఆరు. జూలై నాలుగు, ఏడు. ఇవి కాక ఫోనులో మాత్రమే ఉన్నది, చాంద్రమానం లెక్కలో ఇంకొకటి. మే తొమ్మిది ఎలా వచ్చిందో వెంటనే తెలిసింది. బెదిరింపు విన్నాక మార్చిలో బాబాయి గారే ఆవిడ గుర్తింపు కార్డు చూసి కంప్యూటరులో కొట్టారు. ఆ కాలపు వాళ్ళకు కార్డు మీద తేదీ అంటే వాళ్ళ నాన్నకు పంచాయతీ ఆఫీసు దాకా నడిచే తీరిక దొరికిన రోజు, అంతే. మార్చి నుంచి రెండు యంత్రాలకూ మాటల్లేవు కాబట్టి ఆ తేదీ ఫోనుకు చేరలేదు.

మిగతా గుంపు సంగతి ఇదీ. ఎప్పుడో వాళ్ళమ్మాయి అమ్మ పుట్టినరోజును చాంద్రమానంలో ఆయన పాత ఫోనులో వేసింది, అది కొత్తదాంట్లోకీ వచ్చింది. ఆ తేదీ ఏటా మారుతూ ఉంటుంది. ఫోనుకు చాంద్రమానం తెలుసు. ఆ పాత కంప్యూటరుకు తెలీదు. ఏటా ఫోను "ఈసారి ఈ రోజు" అని చెబితే, కంప్యూటరు "ఇక ఏటా ఇదే రోజు" అని రాసుకుని, రాసుకున్నది ఊరుకోకుండా ఫోనుకు తిరిగి అప్పజెప్పింది. ఏడేళ్ళకు ఏడు తేదీలు పోగయ్యాయి. వాటికి గంట మాత్రం ఎవరూ పెట్టలేదు, అందుకే నిరుడు ఏదీ మోగలేదు.

"అయితే ఏది నిజం?" అన్నారు బాబాయి గారు.

"రెండిట్లో ఒకరి మాటే చెల్లాలండీ. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి. నన్నడిగితే ఫోను..."

"కంప్యూటరు" అన్నారాయన.

"ఎందుకు?"

"అది పెద్దది. పదకొండేళ్ళ కింద వచ్చింది. ఫోను వచ్చి రెండేళ్ళు. నిన్నగాక మొన్న పుట్టింది పెద్దదాని మాట కొట్టేస్తుందా?"

"వయసు కాదు బాబాయి గారూ, ఎవరికి ఎక్కువ తెలుసన్నది..."

"మా డిపోలో ఎవరి గడియారం ఎలా ఉన్నా, అందరికంటే పెద్ద డ్రైవరు గడియారం చూసే తిప్పుకునేవాళ్ళు."

"ఆ పెద్దాయన గడియారమే తప్పయితే?"

"ఆ పెద్దాయన నేనే."

ఇంకేం మాట్లాడను? ఆయన నాకంటే ఇరవై ఆరేళ్ళు పెద్ద. ఈ ఊళ్ళో వాదన అక్కడితో ఆగిపోతుంది, నేనూ ఇక్కడ పెరిగినదాన్నే. "మీ ఇష్టం" అన్నాను పళ్ళు కొరుక్కుంటూ. 'ముందు కాపీ, తర్వాతే పని' అని నేనే రాసి గోడకు అంటించిన కాగితం కింద కూర్చుని, కాపీ తీయకుండా నొక్కేశాను. ఫోనులో ఉన్నది చెరిపేయాలా అని తెర అడిగింది. చెరిపెయ్ అన్నాను.

ఒక్క క్షణంలో రెండూ ఏకమయ్యాయి. ఎనిమిది పుట్టినరోజులు ఫోనులో, అవే ఎనిమిది కంప్యూటరులో. పోయినది ఏదంటే వాళ్ళమ్మాయి స్వయంగా వేసిన ఆ చాంద్రమానం తేదీ. నమ్మదగ్గది అదొక్కటే. దాన్ని నేను సరిగ్గా చూసుకోను కూడా లేదు. పెద్దరికం కాపాడి నిజాన్ని పారేశాం.

తప్పు ఒప్పుకున్నాను. తలవంచి రెండుసార్లు క్షమించమని అడిగాను. ఆయన తిట్టలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఎనిమిది తేదీలూ రాసుకున్నారు.

"ఫరవాలేదు. అన్ని స్టాపుల్లోనూ ఆపుతాను. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కడో ఒకచోట ఎక్కుతారు" అన్నారు.

అన్నట్టే ఆపారు. జూన్ పన్నెండున చారు. పదిహేనున చారు. పందొమ్మిదిన చారు. ఇరవై రెండున చారు. ప్రతిసారీ ఎనిమిదిన్నరకల్లా నా షాపుకు ఒక గిన్నె, దానితో పాటు నివేదిక.

"పూర్తిగా తింది. ఏమీ అనలేదు."

"సగం తిని కిటికీ వైపు చూసింది. దానర్థం ఏమై ఉంటుంది?"

"ఇవాళ 'ఉప్పు సరిపోయింది' అంది. పుట్టినరోజైతే ఉప్పు సంగతి మాట్లాడతారా, మాట్లాడరా?"

నాకేం తెలుసు! ఆ రెండు వారాల్లో నేను తిన్నంత నాచు చారు, ఆ చారే పథ్యంగా పెట్టే పచ్చి బాలింతకైనా పెట్టరు. ప్రతి గిన్నె అడుగునా నా తప్పు నాకు కనిపించేది. జూలై ఏడు దాటేలోపు సరైన రోజు రాకుండా పోతే ఆవిడ వెళ్ళిపోతారు. నలభై ఆరేళ్ళ కాపురం నా చేతి వేలితో చెరిపినట్టవుతుంది. నిద్ర సరిగ్గా పట్టేది కాదు.

ఇరవై మూడున మరమేకుల సొరుగు దులుపుతున్నాను. సొరుగు అడుగున పరిచినది పాత గోడ క్యాలెండరు కాగితం, సహకార సంఘం వాళ్ళు ఏటా ఇచ్చేది. ఏ ఏడుదో జూలై నెల. బాబాయి గారి జాబితాలో ఉన్న ఏడో తేదీ కింద సన్నటి అక్షరాల్లో చాంద్రమానం తేదీ ఉంది: అయిదో నెల, పదిహేడు. చేతిలోని మేకులన్నీ కింద పోశాను. ఆ ఏడు తేదీలూ ఊరికే పుట్టినవి కాదు కదా! ఒక్కొక్కటీ ఒక్కో ఏడాది అసలు తేదీ. వరసగా పెట్టి చూశాను. ఏ తేదీని దాని ఏడాది చాంద్రమానం లెక్కలోకి మార్చినా అయిదో నెల పదిహేడే వస్తోంది. ఈ ఏడు అది జూలై ఒకటి.

బాబాయి గారిని పిలిపించాను. ఈసారి మూడు కాపీలు తీశాను. పాత తేదీలన్నీ పీకేసి, జూలై ఒకటి ఒక్కటే వేసి, ఇకనుంచి ఫోను చెబుతుంది, కంప్యూటరు వింటుంది, మీ పెద్దరికం మీ డిపోలో చూసుకోండి అని గట్టిగా చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఎప్పుడూ ఎవరి చేతులూ పట్టుకునే మనిషి కాదు. ఆయన వెళ్ళాక కాసేపు షాపులో ఒక్కదాన్నే అటూ ఇటూ నడిచాను, అంత గర్వంగా ఉంది.

జూన్ ఇరవై ఏడున గుమ్‌నే పిన్నిగారు వచ్చారు. చేతిలో ఉల్లికాడల కట్ట, నెత్తిన ఎండ టోపీ. నమస్కారం లేదు, ఏమీ లేదు.

"నా మొగుడికి ఏం చేశావు?"

"ఆయనకేం చెయ్యలేదండీ. ఆయన ఫోనుకు చేశాను."

"ఇప్పుడు రెండూ ఒకటేగా. అయిదు రోజులైంది, చారు లేదు."

"తిన్నది చాల్లేదా పిన్నిగారూ?"

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మొదటిది కష్టం మీద మింగాను, ఉప్పు కషాయం. రెండోది సరే. మూడోది బానే ఉంది. చివరిదాంట్లో గుల్లల మాంసం వేశాడు. నాకు గుల్లలు ఇష్టమని ఈయనకెప్పుడు తెలిసిందో!"

ఆవిడ మొహం మెత్తబడింది కదా అని నేను ఉండబట్టలేక నా ప్రతాపం చెప్పుకున్నాను. సొరుగు సంగతి, అయిదో నెల పదిహేడు సంగతి, జూలై ఒకటి సంగతి. ఆవిడ మెచ్చుకుంటారనుకున్నాను.

"అది నా పుట్టినరోజు కాదు" అన్నారావిడ.

సొరుగు కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాను.

"మా అమ్మ నన్ను కన్న ఏడాదికే పోయింది. నాన్ననడిగితే నాట్లప్పుడు అన్నాడు, అంతకంటే ఏం గుర్తుంటుంది ఆ మనిషికి! పెళ్ళి కుదిరేటప్పుడు జాతకానికి తేదీ కావాలన్నారు. పెళ్ళిళ్ళ పేరమ్మ వేళ్ళ మీద లెక్కేసి, ఈయన జాతకంతో కలిసే తేదీ ఒకటి రాసి పారేసింది. అదే మీ పదిహేడు. నిరుడు కూడా ఆ తేదీ లెక్కనే ఊరుకుందామనుకున్నా. నాచు పొట్లం చేతిలో పెట్టేసరికి కడుపు మండింది."

"మరి అసలు రోజు?"

"నాకూ తెలీదు."

"తెలీని రోజును ఆయనెలా కనుక్కుంటారండీ!" అని అరిచేశాను.

"అడగొచ్చుగా!" ఆవిడా అంతే గట్టిగా అన్నారు. "నేను చెప్పనన్నాను. అడగొద్దన్నానా? ఎవరు ఎన్నింటికి ఎక్కాలో, ఎక్కడ దిగాలో లోకానికంతా చెప్పాడు. నలభై ఆరేళ్ళలో నన్ను ఒక్కసారి, నువ్వెప్పుడు పుట్టావే అని అడిగాడా? ఫోన్నడిగాడు. కంప్యూటర్నడిగాడు. నిన్నడిగాడు."

"అడిగితే మాత్రం ఏం చెబుతారు?"

"తెలీదని చెబుతాను. అది చెప్పుకోడానికైనా ఒక మనిషి ఉండాలిగా."

ఉల్లికాడలు చంకన పెట్టుకుని లేచారు. "ఒకటో తారీఖున చారు పెడితే తింటాను. అది పేరమ్మకి పెట్టిన చారు. తిని మోక్పో బస్సెక్కుతాను. నేనొచ్చానని ఆయనకు చెప్పావో, ఈ వీధిలో నీకు ఉల్లికాడ పుట్టదు."

ఆవిడ వెళ్ళారు. చెప్పకూడదు. చెప్పకపోతే కాపురం పోతుంది. అప్పుడు గుర్తొచ్చింది, బాబాయి గారి క్యాలెండరు నా షాపు కంప్యూటరులో ఇంకా తెరిచే ఉంది. ఆ మనిషి గడిలో ఏముంటే అది చేస్తారు, ఎవరు రాశారని చూడరు.

మర్నాటి ఉదయం గడి తెరిచాను. ఏడూ పది, భోజనం. ఏడున్నర, మందు బిళ్ళ. మధ్యలో ఏడూ పన్నెండుకు ఇలా రాశాను: 'గుమ్‌నే ఎప్పుడు పుట్టిందో గుమ్‌నేనే అడగాలి. మొహం చూస్తూ.' జూలై ఒకటిని తీసేశాను. నేను చెప్పలేదు సుమా, రాశానంతే.

ఇక భయం పట్టుకుంది. ఒకదాంట్లో మోగి రెండోదాంట్లో మోగకపోతే? ఆ మనిషి భార్యను అడగడం మానేసి, కంప్యూటరుకు సీటు బెల్టు పెట్టుకుని నా దగ్గరికి వచ్చేస్తారు. పందొమ్మిదేళ్ళలో వేల ఫోన్లు కలిపాను. రెండు యంత్రాలు ఒకే నిమిషానికి మోగాలని దేవుడికి మొక్కుకోవడం అదే మొదలు.

మర్నాడు ఏడూ పదహారుకు నా ఫోను మోగింది.

"అమ్మాయ్! రెండూ మోగాయి! ఒక్క నిమిషం తేడా లేదు. అడగమన్నాయి, అడిగాను."

"ఏమన్నారు?"

"తనకూ తెలీదట! ఇప్పుడేం చెయ్యాలి? తర్వాతి గడి ఏడున్నర. మధ్యలో ఏమీ రాసి లేదే!"

నాకు ఒళ్ళు మండింది. "బాబాయి గారూ! ఆ ఫోను కింద పెట్టి ఆవిడ చెప్పేది వినండి!"

కింద పెట్టమన్నాను కాబట్టి కింద పెట్టారు. కట్ చెయ్యమనలేదు కాబట్టి చెయ్యలేదు. వినకూడదని తెలుసు, అయినా విన్నాను. ఆవిడ వాళ్ళమ్మ గురించి చెబుతున్నారు. అమ్మ మొహం తెలీదట. మోకాలి దాకా మడిలో నిలబడి ఉంటే నొప్పులొచ్చాయని పక్కింటావిడ చెప్పిందట. అందుకని నాట్ల కాలంలో ఏ మడి చూసినా ఇదేనేమో అనుకునేదట. బాబాయి గారు మధ్యలో "ఏ ఊరి మడి?" అని అడిగారు. "అప్పుడు వాన పడిందా?" అని అడిగారు. టైము ఎంతైందని అడగలేదు.

ఏడున్నరకి అటు ఫోనూ, దాని వెనక కంప్యూటరూ కలిసి మోగాయి. మందు బిళ్ళ. మోగి మోగి వాటంతట అవే ఊరుకున్నాయి. ఆయన కుర్చీ కదిలిన చప్పుడు లేదు. ఇక్కడ నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, సిగ్గెందుకు చెప్పడానికి.

కాసేపటికి ఎవరో ఫోను చేతిలోకి తీసుకున్నారు. పిన్నిగారు.

"మీరనూ, వింటున్నావని తెలుసు. ఇవాళ్టి తేదీ వెయ్యి, నా పుట్టినరోజని. రెండిట్లోనూ వెయ్యి."

ముక్కు తుడుచుకుని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. పని పనే కదా. "సౌరమానంలో వెయ్యనా, చాంద్రమానంలో వెయ్యనా పిన్నిగారూ?"

వెనక బాబాయి గారు వంటింట్లో గిన్నెలు వెతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రెండూ వెయ్యి" అన్నారు. "ఏడాదికి రెండుసార్లు చారు కాయనీ."